వంతు తప్పిన నీళ్ళు

గవర్నర్‌పేటలో కోచింగుకి వెళ్తున్న మా మనవరాలు మొన్న సాయంత్రం పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, ఒకే కాలంలో పరాయి పాలన వదిలించుకున్న రెండు దేశాల్లో ఒకటి ఓట్ల దారి పడితే రెండోది ఒక్కడి పిడికిట్లోకి ఎందుకు పోయిందని అడిగింది. ముప్పై ఏళ్ళు రాజనీతిశాస్త్రం చెప్పినవాణ్ణి, గడగడా అప్పజెప్పవలసింది. నాకేమో మా నాన్న గుర్తొచ్చారు.

ఉయ్యూరులో లెక్చరరుగా చేరిన మొదటి ఏడాది అది. మా ఊరు చల్లపల్లి వైపు, కాలువకు చివర. జమీందారీ ఎస్టేటు పోయాక ఎగువ ఊళ్ళో నీళ్ళ పెత్తనం ఒక మోతుబరి చేతికొచ్చింది, ఆయన ఒక్కమాటతో పనులు జరిగిపోయేవి. మా ఊళ్ళో అందరం ఎకరం, రెండెకరాల వాళ్ళమే కనుక, బడి వరండాలో కూర్చుని గొంతులు బొంగురుపోయేదాకా పోట్లాడుకుని వంతులు వేసుకునేవాళ్ళం. చదువుకున్నవాణ్ణి కదా, నాకా రభస చిన్నతనంగా ఉండేది.

ఆ ఏడు నీళ్ళు ఆలస్యమై మా నారుమడి ఎండి పసుపుబారుతోంది, మా వంతు ఇంకా నాలుగు రోజులుంది. నేను సైకిలెక్కి మోతుబరి దగ్గరకు వెళ్ళాను. ఆయన నవ్వి, తన మనిషిచేత మా చేలోకి పారే బోదెకు తూము ఎత్తించాడు. అవి పక్కచేను సాయిబు గారి వంతు నీళ్ళని నాకు తట్టనేలేదు. అత్త సొమ్ము అల్లుడు దానం. గర్వంగా చెప్పిన నన్ను నాన్న ఎగాదిగా చూసి, పార తీసుకుని బోదెకు మట్టి అడ్డం వేసేశారు.

"ఇవాళ ఆయన్నడిగి తెచ్చావు సరే. రేపు ఆయన్నడక్కుండా నారు పోసుకోగలమంట్రా?"

అమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆ సాయంత్రమే నాన్న బడి వరండాలో అందరి ముందూ నా తప్పు తానే చెప్పేశారు. గంటసేపు ఊళ్ళోవాళ్ళు నాకు తలవాచేలా చీవాట్లు పెట్టారు, అందరికంటే ఎక్కువ సాయిబు గారే. చివరికి తన వంతులో సగం మాకు వదిలిందీ ఆయనే. సగం నారు ఎండిపోయింది, సగం బతికింది.

పెద్దచెయ్యి ఉన్నచోట జనం అడుక్కోవడానికి అలవాటు పడతారనీ, ఆ చెయ్యి పోతే ఇంకోటి వెతుక్కుంటారనీ, అది లేనిచోట విధిలేక కలిసి కూర్చుని, కూర్చోవడమే అలవాటు చేసుకుంటారనీ మనవరాలికి చెప్పాను. ఇది రాస్తే మార్కులు రావు తాతయ్యా అని నవ్వింది.

ఇప్పుడు మా ఊళ్ళో ఎవరి బోరు వారిదే, మీట నొక్కితే నీళ్ళు. సంతోషమే. ఎవరూ ఎవరినీ అడగనక్కర్లేదు, తిట్టనక్కర్లేదు. తిట్టిన నోటితోనే తన వంతు వదులుకునే మనిషి కూడా ఎవరికీ అక్కర్లేకపోయాడు.