సమ్మక్క కుట్టిన విస్తరి

నా ఉద్యోగమంతా కాజీపేట స్టేషన్‌లో టికెట్ కిటికీ వెనకే గడిచింది. ఎవరెవరినో ఎక్కడెక్కడికో పంపాను, నేను మాత్రం కుర్చీ కదల్లేదు. రిటైరయ్యాక ఇంట్లో కాలు నిలవలేదు. సరిగ్గా అప్పుడే హనుమకొండలోని ఒక సేవా సంస్థ వాళ్లు కబురు పెట్టారు. పోర్చుగల్ నుంచి మార్తా అనే కళ్లద్దాల నిపుణురాలు స్వచ్ఛందంగా వచ్చిందట. అడవి అంచు ఊళ్లలో పేదవాళ్లకు దగ్గరి చూపు అద్దాలు ఇస్తుందట. ఆమె మాట వాళ్లకు, వాళ్ల మాట ఆమెకు చెప్పే మనిషి కావాలన్నారు. నా ఇంగ్లిషులో సగం ప్లాట్‌ఫారాలూ బెర్తులే అయినా, అడిగిందే చాలని ఒప్పేసుకున్నాను. ఇలాంటి సేవకు వెళ్లాలనుకునేవాళ్లకు పనికొస్తుందని ఆ ఒక్క రోజు సంగతి రాస్తున్నాను.

చలి అప్పుడప్పుడే మొదలైన రోజులు. ఉదయం ఆరింటికి హనుమకొండ బస్టాండులో ఏటూరునాగారం ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. ములుగు, తాడ్వాయి మీదుగా మూడు గంటల లోపు ప్రయాణం. మా రాష్ట్రం ఆడవాళ్లకు బస్సు ఉచితం కాబట్టి, ఆధార్ కార్డు చూపిస్తే నాకు జీరో టికెట్ ఇచ్చారు. మార్తా మాత్రం రెండు వందల లోపు కట్టాల్సి వచ్చింది. "నేనూ ఆడదాన్నే కదా?" అని ఆమె అడిగితే ఆ మాట కండక్టరుకు చెప్పాను. "ఆమెకు గీడనే ఒక సంబంధం సూడున్రి మేడం, ఆధార్ కార్డు తర్వాత అదే వస్తది" అన్నాడు. అది ఇంగ్లిషులోకి మార్చి చెప్పేసరికి ములుగు దాటిపోయింది. తాడ్వాయి దగ్గర అడవి దట్టమైంది, మార్తా కిటికీ తెరిచి చలిలోనే కూర్చుంది.

ఏటూరునాగారంలో రాజయ్య అనే ఆటో ఆయనతో, అడవి అంచున ఉన్న ఆయన ఊరికి రానుపోను ఐదు వందలకు మాట్లాడుకున్నాం. మా చేతిలో టిఫిన్ డబ్బా చూసి ఆయన ముఖం చిట్లించాడు.

"అన్నం తెచ్చుకున్నరా మేడం? ఊళ్లె మాత్రం మూత తియ్యకున్రి. మా ఇండ్లల్ల తినరా అనుకుంటరు."

"సంస్థ రూలు అన్నా. పేదవాళ్లకు భారం కావద్దని."

"రూలు మంచిదే. కనీ అది ఊరోళ్లకు ఎవలు చెప్పాలె?"

నేను నవ్వి ఆటో ఎక్కాను.

ఆ ఊరి బడి వరండాలో మధ్యాహ్నం దాకా పని సాఫీగా సాగింది. అప్పుడు వచ్చింది సమ్మక్క, కూతురు కోమల చెయ్యి పట్టుకుని. చుట్టుపక్కల పెళ్లిళ్లకు మోదుగాకుల విస్తళ్లు కుట్టి ఇవ్వడం ఆమె పని. ఈమధ్య ఒక పెళ్లివాళ్లు కట్ట మొత్తం తిప్పి పంపారని కోమల చెప్పింది.

"పులుసు కారుతాందట మేడం. చూపు ఆనుతలేదు, ఇగ కుట్టకే అంటే ఇంటలేదు. ఈ అద్దాలతోని కూడ కాకపోతే నేను ఆకులు తెచ్చుడు బంద్ చేస్త."

"బంద్ చేస్తే నేనేం జెయ్యాలె? చేతులు ముడుసుకోని కూసుంటే పొద్దు పోతదా?" అంది సమ్మక్క. గొంతు గట్టిగానే ఉంది, కళ్లలో మాత్రం భయం కనిపించింది.

మార్తా ఒక జత పెట్టింది, తీసింది. ఇంకొకటి పెట్టింది. మూడో జత పెట్టగానే సమ్మక్క తన చేతులనే తిప్పి తిప్పి చూసుకుంది. "ఇన్ని గీతలున్నయా నా చేతులకు!" అంది. మేమంతా నవ్వాం. ఆమె మాత్రం నవ్వలేదు. అద్దాలు తీసి బల్ల మీద పెట్టేసింది.

"మా ఇంట్ల అన్నం తిని పోతెనే తీసుకుంట. ఉత్తగ తీసుకునుడు నాకు రాదు."

నేను రూలు చెప్పాను. ఆమె లేచి నిలబడింది. "నా ఇస్తారిల తిననోళ్ల అద్దాలు నాకెందుకు చెల్లె?"

ఆమె వెళ్లిపోతుందేమోనని చెయ్యి పట్టుకుని ఆపాను. ఆ మాటను కాస్త మెత్తబరచి చెబుదామనిపించింది గానీ, ఉన్నదున్నట్టే మార్తాకు చెప్పాను. మార్తా టిఫిన్ డబ్బా తీసి రాజయ్య చేతిలో పెట్టింది. లోపల చపాతీలు చూసి రాజయ్య, "నేను గూడ ఆడనే తింట మేడం" అని డబ్బాను ఆటో సీటు కింద తోసేశాడు.

సమ్మక్క ఇంట్లో చాప మీద కూర్చున్నాం. విస్తళ్లు వేశారు, నీళ్లు చల్లుకున్నాం. కొత్త అద్దాలు పెట్టుకుని అన్నం గిన్నెతో వచ్చిన సమ్మక్క, మార్తా ముందు వంగినదల్లా ఆగిపోయింది. గిన్నె పక్కన పెట్టి మార్తా విస్తరి లాగేసుకుంది. ఏదో తప్పు చేశాననుకుని మార్తా కంగారుగా నా వైపు చూసింది. సమ్మక్క ఆ విస్తరిని వాకిలి వెలుతురుకు ఎత్తి పట్టింది. కుట్ల మధ్య సందుల్లోంచి ఎండ పడుతోంది.

"ఓ కోమలా, గివి నేను కుట్టినయేనా?"

"నువ్వేనే అవ్వా."

"అయ్యో! పెండ్లోళ్లు వాపస్ పంపితే వాళ్లనే తిడితిని గదనే!"

అప్పుడు నవ్వింది, కడుపు పట్టుకుని. మా ముందున్న విస్తళ్లన్నీ తీసేసి, గడప దగ్గర కూర్చుని పుల్లలు విరుస్తూ మళ్లీ కుట్టడం మొదలుపెట్టింది. పప్పుచారు వాసనకు నా కడుపు కరకరలాడుతున్నా ఎవరం తొందరపెట్టలేదు. మొదటి విస్తరి పూర్తయ్యాక, దాని మీద నీళ్లు పోసి కింద చెయ్యి పెట్టి చూసి, దాన్నే మార్తాకు వేసింది. చింతకాయ తొక్కు కారానికి మార్తా ముక్కు ఎర్రబడింది కానీ, పప్పుచారు మాత్రం చుక్క కారలేదు. అది చూసి కోమల, "రేపు పొద్దుగాల ఆకులకు పోతనే" అంది. సమ్మక్క అద్దాల వెనక కళ్లు తుడుచుకుంది. దాచడమెందుకు, నేనూ తుడుచుకున్నాను.

సాయంత్రం తిరుగు బస్సెక్కాం. దారంతా నాకు ఒకటే ఆలోచన. ఏదైనా ఇవ్వడానికి వెళ్లేటప్పుడు మన చేతులు నిండుగా ఉన్నాయా అనే చూసుకుంటాం, ఎదుటివాళ్లు పెట్టేది అందుకోవడానికి ఒక చెయ్యి ఖాళీగా ఉంచుకోవాలని తోచదు. వెళ్లాలనుకునేవాళ్లకు నా సలహా ఒక్కటే. టిఫిన్ డబ్బా ఇంట్లో పెట్టి, దానికి బదులు రెండు కిలోల కందిపప్పు పట్టుకెళ్లి, వండే ఇంట్లో ఇవ్వండి. పెట్టింది తినండి. కాస్త ఓపిక కూడా వెంట ఉంచుకోండి, అద్దాలు బాగా కుదిరితే భోజనం ఆలస్యమవుతుంది.