నాగబాబు మొక్కు

రాయపూర్ రైల్వే క్వార్టర్లకు నాంచారమ్మ శ్రీకాకుళం నుంచి పెళ్లై వచ్చింది. భర్త సూర్యారావు వ్యాగన్ రిపేర్ షాపులో ఫిట్టరు. రెండు గర్భాలు నిలవలేదు. 2002లో నాగబాబు నెలలు నిండకుండానే పుట్టాడు. పసివాణ్ని ఆసుపత్రిలో గాజుపెట్టెలో పెట్టారు. ఏలియమ్మ అనే మలయాళీ నర్సు ఆమె పక్కన కూర్చుని, కేరళలో తమ ఊరి దయరాకు మొక్కుకోమంది. దయరా అంటే ఆర్థోడాక్స్ క్రైస్తవ సన్యాసులుండే మఠం. వందల ఏళ్ల నాటిది.

"ఏ దేవుడైతే ఏటి సిస్టరమ్మా, నా గుంటడు బతికితే సాలు. వాణ్ని తెచ్చి సూపిస్తాను" అంది నాంచారమ్మ.

నాగబాబు బతికాడు. ప్రయాణమే వాయిదా పడుతూ వచ్చింది. ఒక ఏడు సూర్యారావుకు ఛుట్టీ, అంటే సెలవు, దొరకలేదు, ఒక ఏడు పరీక్షలు, మరో ఏడు ఆడపడుచు పెళ్లి. రాయపూర్ పండరీ బజారులో బట్టల దుకాణంలో పనికి కుదిరాక వాడే అన్నాడు: "దివాలీ సీజన్ అయిపోనీ అమ్మా, ఈసారి పక్కా ఎల్దాం."

దీపావళి రాకముందే కామెర్లు ముదిరి నాగబాబు చనిపోయాడు. ఇరవై ఏళ్లు.

రిటైరై కేరళలో తన ఊరు చేరిన ఏలియమ్మ, సంగతి తెలిసి ఫోన్ చేసి రమ్మంది. "ఇప్పుడేటి మొహం ఎట్టుకుని రాను?" అని నాంచారమ్మ ఏడ్చింది. సూర్యారావు టికెట్ తీసి ఆమెను రైలెక్కించాడు. తాను మాత్రం రానన్నాడు.

ఏలియమ్మ వెంట వెళ్లిన నాంచారమ్మ దయరా గుమ్మం దగ్గర చీర కొంగు తలమీదికి లాక్కుని నిలబడిపోయింది. లోపలికి అడుగు పడలేదు. నల్ల అంగీలో ఉన్న ముసలి సన్యాసి బయటికి వచ్చి, ఆమెకు ఏం కావాలో అడగమని ఏలియమ్మతో చెప్పాడు.

"అడగడానికి ఏటీ లేదు. తెచ్చి సూపిస్తానన్నాను, తేలేకపోయాను."

ఆయన ఓదార్పు మాటలేవీ చెప్పలేదు. బిడ్డ పేరేమిటని మాత్రం అడిగాడు.

చనిపోయినవాళ్ల పేర్లు తలుస్తూ చేసే ప్రార్థన అది; ఆమెకు ఒక్క ముక్క అర్థం కాలేదు. మధ్యలో ఉన్నట్టుండి "నాగబాబు" అని వినిపించింది. వాడు పోయాక ఇంట్లో ఆ పేరు ఎవరూ ఎత్తలేదు. నాంచారమ్మ నేలమీద కూలబడి బిగ్గరగా ఏడ్చింది. ఎవరూ ఆపలేదు.

రాయపూర్ స్టేషన్‌లో సంచీ అందుకుంటూ సూర్యారావు, "ఏటన్నారక్కడ?" అన్నాడు.

"మన బాబుని పేరెట్టి పిలిచారు."

అతను సంచీ భుజానికెత్తుకుని ఆటో పిలిచాడు. ఆటోలో కూర్చున్నాక, "నేనూ రావాల్సింది" అన్నాడు.

మరుసటి ఏడు ఇద్దరూ కలిసి వెళ్లారు. అప్పటికి ఆ ముసలాయన లేడు. కొత్త సన్యాసి బిడ్డ పేరు అడిగితే సూర్యారావే చెప్పబోయాడు. "నాగ..." దగ్గరే ఆగిపోయాడు. నాంచారమ్మే చెప్పింది.