దవడ అరిగింది మాటలతో కాదు

నేను ఎక్కువ మాట్లాడి దవడ అరగ్గొట్టుకున్నానని మా చుట్టాల్లో ఒక కథ నడుస్తోంది. మేడ్చల్‌లో మొదలై శామీర్‌పేట దాటి అలియాబాద్ చేరేసరికి ఆ కథలో నాకు నోరే పడిపోయింది. నోరున్న ఆడదాన్ని దేవుడు ఎక్కడ పట్టుకోవాలో అక్కడే పట్టుకున్నాడట. దేవుడికి వేరే పనేం లేదా? జరిగింది అది కాదు.

నేను మేడ్చల్‌లో ఒక డిగ్రీ కాలేజీలో అర్థశాస్త్రం చెబుతాను. మొన్నటి వానాకాలంలో కుడి చెవి ముందు, నోరు తెరిస్తే కదిలే చోట, నొప్పి మొదలైంది. నములుతుంటే లోపల ఇసుక నలిగినట్టు చప్పుడు. పొద్దున లేచేసరికి దవడ బిగుసుకుపోయి అన్నం ముద్ద పట్టేంత కూడా తెరుచుకునేది కాదు. చెవి పోటేమోనని చుక్కలు వేసుకున్నాను. పంటి డాక్టరు ఒకాయన చివరి దంతం పీకేద్దామన్నాడు. పన్ను మీద తట్టి చూశాడు, నొప్పి లేదు.

"నొప్పి లేని పన్ను ఎందుకు పీకడం?" అన్నాను.

"వయసొచ్చింది కదమ్మా, ఎప్పటికైనా పీకాల్సిందే" అన్నాడు.

ఆ లెక్కన నన్ను మొత్తంగానే పీకేయొచ్చు. లేచి వచ్చేశాను.

జీడిమెట్లలో మెషిన్ షాపులో పనిచేసే మా ఆయన టార్చి వేసి నా నోట్లోకి చూశాడు. "బేరింగ్ పోయినట్టుందే. ఓవర్‌టైమ్ జేసింది గదా, పాపం."

"నీ చెవులకు మాత్రం గ్యారంటీ ఇంకా ఉంటది. ఎన్నడు వాడినవు గనక?" అన్నాను. ఆ మాట అనడానికి కూడా చెంప పట్టుకోవాల్సి వచ్చింది.

క్లాసులోనూ అంతే. గంట ముగిసేలోపు మాట నలిగిపోయేది. అది చూసి ప్రిన్సిపాల్ పిలిపించారు. "మేడం, మీరు పరేషాన్ గాకుండ్రి. ఇగ క్లాసులొద్దు. అడ్మిషన్ల సెక్షన్ల కూసోండ్రి. మీకు ఆరాం ఉంటది."

ఆరాం అనే మాటను అంత సంతోషంగా పలికిన మనిషిని నేను ఇంతవరకూ చూడలేదు. స్టాఫ్ మీటింగుల్లో ఆయనకు ఎదురు ప్రశ్న వేసేది నేనొక్కదాన్నే. పాఠం చెప్పడం తప్ప నాకు ఇష్టంగా చేసే పని మరొకటి లేదు. దసరా సెలవులయ్యేదాకా ఆగమన్నాను. ఆయన ఆగుతానన్నారు. నొప్పి తగ్గదనే ధీమాతోనే అన్నారని ముఖం చూస్తే తెలిసింది. అప్పుడే అనుకున్నాను, ఈ క్లాసు వదిలేది లేదని.

సెలవుల్లో అలియాబాద్‌లో ఉండే మా ఆడబిడ్డ ఇంటికి వెళ్లాం. ఆమెకు ఎప్పటినుంచో మోకాళ్ల నొప్పులు. అందుకని ఎవరి కీలు నొప్పి పెట్టినా తీర్పు ఆమెదే.

"గది గూడ కీలే గదనే! కీలుకు పని జెప్పాలె. నేను నడువక కూసుంటే మోకాళ్లు బిగుసుకపోవా? నువ్వు నమలకుంటే దవడ గూడ గట్లనే అయితది."

వాదన సరిగ్గా ఉంటే ఎవరిదైనా ఒప్పుకునే అలవాటు నాది. ఇది సరిగ్గానే ఉన్నట్టు తోచింది. ఆమె హైవే పక్కన బొగ్గుల మీద కాల్చిన మక్కకంకులు తెప్పించింది, ఏరి మరీ ముదురువి. వాకిట్లో కూర్చుని ఇద్దరం నమిలాం, ఆమె సరదాకి, నేను మందుగా. అటు పోతున్న పక్కింటామె ఏందని అడిగితే, "మా తమ్ముని పెండ్లాం కసరత్తు జేస్తాంది" అని చెప్పింది.

తెల్లారేసరికి చెంచా కూడా దూరనంతగా నోరు పట్టేసింది.

"అయ్యో బిడ్డా! మోకాళ్లకు మంచిగైనది గీడ గిట్లెందుకు జేసింది?" అంటూ ఆమె కంగారుగా జావ కాచి గ్లాసులో పోసిచ్చింది. పాపం, నా నోరు మూయించాలని చూడనిది మా అత్తింటివాళ్లలో ఆమె ఒక్కతే.

అక్కడినుంచి నేరుగా నగరంలో దవడ ఆపరేషన్లు చేసే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. ఆమె స్కాన్ తీయించి చూపించింది. చెవి ముందున్న ఆ కీలులో రెండు ఎముకల మధ్య మెత్తని దిండులాంటి పొర ఉంటుంది. నాకది పలచబడింది. కింది ఎముక తల నునుపు పోయి చదునైంది. మోకాళ్లకు వచ్చే ఆర్థరైటిస్సే, దవడకు వచ్చింది.

మక్కకంకుల సంగతి చెప్పాను. ఆమె నవ్వలేదు. "మోకాలికి నడక మంచిదే. నెత్తిన బస్తా పెట్టుకుని నడవమని ఎవరూ చెప్పరు. మీరు దవడతో బస్తా మోయించారు" అంది.

"మరి మాట్లాడటం వల్ల అరిగిందంటున్నారు?"

"ఇప్పుడు మీ పళ్లు ఎలా ఉన్నాయి?"

చూసుకున్నాను. పైవీ కిందివీ గట్టిగా బిగించి ఉన్నాయి.

"మాట్లాడుతున్నప్పుడు పళ్లు పెద్దగా తగలవు. నోరు మూసుకుని ఇలా బిగించినప్పుడే కీలు మీద బరువంతా పడుతుంది" అంది. బిగించడం ఒక్కటే కారణమనలేమనీ, వయసూ పాత దెబ్బలూ కూడా ఉండొచ్చనీ, ఎక్కువసేపు మాట్లాడితే కండరాలు అలసిపోయే మాట నిజమేననీ జాగ్రత్తగా చెప్పింది. ఆ జాగ్రత్తలన్నీ విన్నాను. చుట్టాలకు ఫోన్ చేసినప్పుడు మాత్రం మొదటి రెండు వాక్యాలే చెప్పాను.

అరిగిన ఎముక తిరిగి రాదట. నొప్పి తగ్గించవచ్చు, నోరు తెరిపించవచ్చు. కొన్నాళ్లు మాత్రలు, చెంపకు వేడి కాపడం, పడుకునేటప్పుడు పళ్లకు ప్లాస్టిక్ తొడుగు. నాలుక కొస అంగిట్లో ఆనించి, అద్దం ముందు మెల్లగా నోరు తెరవడం, మూయడం. జొన్నరొట్టె పప్పులో నానబెట్టుకుని తినడం. వీటికి లొంగకపోతే కీలులోకి సూది, కీలు లోపల కడగడం ఉన్నాయి. అన్నిటికంటే కష్టమైనది చెప్పుకోవడానికి చాలా చిన్నది: పెదవులు కలిసి ఉండాలి, పళ్లు కలవకూడదు.

అప్పటినుంచి నన్ను నేను కాపలా కాశాను. జవహర్‌నగర్ డంపింగ్ యార్డు చెత్త వాసన గాలికి కొట్టుకొస్తే పళ్లు బిగించేదాన్ని. బస్సులో ఎవరైనా మీద పడితే బిగించేదాన్ని. అన్నిటికంటే గట్టిగా, ప్రిన్సిపాల్ మాటలు గుర్తొచ్చినప్పుడు. పట్టుకున్న ప్రతిసారీ విడదీశాను. సెలవులయ్యేసరికి మెత్తటి ముద్ద నొప్పి లేకుండా లోపలికి పోయింది. ఇసుక చప్పుడు మాత్రం ఉంది, ఉంటుంది.

కాలేజీ తెరిచిన రోజే ఆయన గదిలోకి వెళ్లాను. కాలరుకు పెట్టుకునే మైకు కావాలన్నాను. రెండు క్లాసులు వరసగా వద్దు, మధ్యలో గంట విరామం కావాలన్నాను.

"మళ్లా నొప్పి లేస్తే ఎట్ల మేడం?"

"లేస్తే సూది వేయించుకుంట. మన లెక్కల సారుకు మోకాలు ఆపరేషన్ అయితే ఏం జేసిండ్రు మీరు?"

"గది వేరే."

"ఏం వేరే?"

ఆయన ఫోను చేతిలోకి తీసుకుని కిటికీ వైపు తిరిగారు. సాయంత్రానికి టైమ్‌టేబుల్లో నా పేరు ఉంది, మధ్యలో విరామంతో సహా. మైకు కూడా వచ్చింది. జవాబే రాలేదు. వరండాలో కనిపించినప్పుడల్లా అడుగుతూనే ఉన్నాను, పళ్లు విడిగా పెట్టుకునే. లెక్కల సారుకు కింది అంతస్తులో గది ఇచ్చి, బోర్డు పక్కన కుర్చీ వేయించారు. ఎక్కువ నడిచారని ఎవరూ ఆయనను అనలేదు, లెక్కలు మానెయ్యమనీ అనలేదు. మరి నా దగ్గరికి వచ్చేసరికి మీకు అడ్మిషన్ల సెక్షనే ఎందుకు గుర్తొచ్చింది సార్?