ఊరికే పాడని పాట

చిట్టీ, నీ గురించి రాయమన్నారు నీ దగ్గర చదువుకున్న పిల్లలు.

పిల్లలూ, నా బిడ్డ చిట్టి పోయింది. జ్వరం తగ్గుతుందని డాక్టరు చెప్పిన మర్నాడే, సంగారెడ్డి ఆస్పత్రిలో. మీకు కాలేజీలో పాఠం చెప్పిన మేడం. నన్ను యాడీ అని పిలిచిన బిడ్డ. మా లంబాడీ మాటలో యాడి అంటే అమ్మ.

నాకు భయం ఎక్కువ. తండా వదిలి ఇస్నాపూర్‌లో కిరాయి గదికి వచ్చినప్పటినుంచీ అంతే. నా భర్త బొల్లారం మందుల కంపెనీ బస్సెక్కితే, తిరిగి దిగేదాకా భయం. బిడ్డ వీధిలో యాడీ అని అరిస్తే, ఓనరమ్మ విని, లంబాడీలమని తెలిసి ఖాళీ చేయమంటుందేమోనని భయం. "మెల్లగ పిలువే" అంటే, "మెల్లగ పిలిస్తే నీకు ఇనబడదు గద" అని నవ్వేది.

పెద్ద చదువులో మా తండాల గురించే రాస్తానంది. ఒకనాడు ఆ పరిశోధన చూసే గైడు సారు టేపురికార్డరు పట్టుకుని మా గదికి వచ్చారు. మాకు ఢావలో అని ఒకటుంది. ఆడపిల్లను అత్తారింటికి పంపేటప్పుడు, మనిషి పోయినప్పుడు, ఒకరి మెడ ఒకరు పట్టుకుని రాగం తీసి ఏడుస్తాం. ఊరికే పాడితే ఇంట్లో మనిషి పోతారని మా అత్త చెప్పేది.

"ఒక ఢావలో పాడమ్మా" అని సారు బటన్ నొక్కారు.

పాడితే బిడ్డకేమవుతుందో. పాడకపోతే బిడ్డ చదువుకు సంతకం పెడతారో లేదో.

"మా యాడి పాడదు సార్. ఇంట్ల అందరం మంచిగున్నం. ఎవరి కోసం ఏడ్వాలె?" అంది నా బిడ్డ.

"నువ్వు పరిశోధన చేస్తున్నావా, తండా పిల్లవా?"

"రెండూ సార్. ముందుగాల రొట్టె తినుండ్రి. మా దగ్గర తిన్నంకనే ముచ్చట."

సారు తినలేదు. వెళ్లిపోయారు. "పోయింది నీ చదువు" అన్నాను.

"పోతే పోనీ యాడీ. అడిగినోళ్లకల్లా ఇచ్చుడేనా? ఇయ్యం అని చెప్పుడు గుడ నేర్వాలె."

సారు సంతకం పెట్టిన కాగితం చాలా ఆలస్యంగా వచ్చింది. అన్నాళ్లూ పోస్టుమాన్ సైకిలు గంట వింటే గడప దాకా పరిగెత్తేదాన్ని.

మేడమయ్యాక పిల్లల్ని తండాలకు తీసుకుపోయి, ముందు కూర్చుని తినమనేది. రాసింది ఆ ఇంటివాళ్లకే చదివి వినిపించమనేది. ఎవరన్నా వద్దంటే అక్కడే కొట్టేయించేది. మార్కులు పోతాయని పిల్లలు గొణిగితే, "మీ ఇంటి ముచ్చట ఎవలన్న గట్ల రాస్తే ఊకుంటరా?" అనేది.

బిడ్డను ఆస్పత్రి నుంచి గదికి తెచ్చిన రోజు ఢావలో ఎత్తుకున్నాను. ఇప్పుడు ఊరికే కాదు. ఆనాడు సారు ముందు పైకి పాడలేదు గానీ, లోపల రాగం మెదిలింది. దానికేనా ఇట్లయింది అని ఇప్పటికీ భయమే.

ఏడుస్తూనే చూశాను. ఆమె దగ్గర చదివే అమ్మాయి సంచిలో టేపురికార్డరు ఉంది. వద్దనే నా బిడ్డ లేదు కదా అని రాగం ఆపేశాను. ఆ అమ్మాయి లేచి, సంచిని గడప బయట పెట్టి వచ్చి, నా మెడ పట్టుకుని ఏడ్చింది. మా మాట ఆమెకు రాదు.

రేపు ఇంకెవరో వస్తారు, బటన్ నొక్కుతారు. పాడను అనే మాట నా నోట రావాలి. పొయ్యి ముందు కూర్చుని రోజూ అని చూసుకుంటున్నాను. రొట్టెలు మాత్రం ఎక్కువే చేస్తున్నాను. మీరు మా గదికి వస్తే, ఏమీ అడగకముందే కూర్చోండి. కడుపునిండా తినండి.