కుడికి వాలిన తోక

అమీర్‌పేట మెట్రో మెట్లు దిగేటప్పుడు నేను తల ఎత్తను. మెడ నొప్పి అనుకుంటారు చూసినవాళ్ళు. ఒక స్టూడెంట్ అయితే ఏకంగా బామ్ డబ్బా కొని తెచ్చిచ్చాడు. నొప్పి మెడలో లేదు. ఎదురుగా మా ఇన్‌స్టిట్యూట్ హోర్డింగ్ ఉంటుంది. దాని మీద ఇళ్ళ కప్పులు, నీళ్ళ ట్యాంకులు, సెల్ టవరు, వాటిపైన సాయంకాలపు ఆకాశంలో ఒక తోకచుక్క. కింద నా పేరు. ఆ ఫోటో అబద్ధం. దాన్ని నిలబెట్టుకోవడానికి నేనొక నిజమైన ఫోటోను అబద్ధం చేశాను. ఈ మాట ఏళ్ళ తరబడి మోస్తున్నాను. నా భార్యకు కూడా తెలీదు.

మీకెందుకు చెప్తున్నాను? మీరు నన్ను ఎరగరు కాబట్టి. ఎరిగినవాళ్ళకి చెప్పే దమ్ము నాకు లేదు కాబట్టి. ఇందులో గొప్పతనమేమీ లేదు, ముందే చెప్పేస్తున్నాను.

నాది ఏలూరు దగ్గర. పాతికేళ్ళప్పుడు ఇక్కడికొచ్చి, ఒక కోర్సు నేర్చుకుని, ఆ కోర్సే మిగతావాళ్ళకు నేర్పుతూ ఉండిపోయాను. అమీర్‌పేటలో సగం మంది కథ ఇదే. నేను నేర్పేది ఫోటోషాప్. ఫోటోలో లేనిదాన్ని ఉన్నట్టు, ఉన్నదాన్ని లేనట్టు చెయ్యడం. పెళ్ళి ఫోటోలో మొహం మాడ్చుకున్న మేనమామను నవ్వించగలను. అంతవరకూ అది నాకొక పనే, పాపం కాదు.

యాదగిరి ఆ క్లాసుల్లోనే పరిచయమయ్యాడు. పంజాగుట్ట వెనక సందులో ఒక నాలుగంతస్తుల బిల్డింగు, దాని మెట్ల కింద అతని పాస్‌పోర్ట్ ఫోటోల గది. ఆ గదికి కిటికీ లేదు. అందులో పొద్దున్నుంచి రాత్రి దాకా నీలం తెర ముందు మనుషుల్ని కూర్చోబెట్టి, గడ్డాలు సరిచేసి ఫోటోలు తీస్తాడు. వాళ్ళ నాన్న సంగారెడ్డి వైపు వ్యవసాయం చేసేవాడు. చిన్నప్పుడు పొలం కాపలాకు వెళ్ళి చుక్కలు చూడటం అలవాటైందట. ఇంటర్ తప్పాడు గానీ ఏ చుక్క ఏ నెలలో ఎక్కడ పొడుస్తుందో వేళ్ళ మీద చెప్పేవాడు. ఫోటోషాప్ కోసం మా దగ్గర ఆదివారం క్లాసులో చేరాడు. నాకంటే నాలుగేళ్ళు చిన్న. అన్నా అనేవాడు. ఇప్పటికీ అంటాడు. అదే నా ఖర్మ.

ఆ ఏడాది దసరా ముందు నుంచే తోకచుక్క గురించి అందరూ మాట్లాడుతున్నారు. మొదట తెల్లవారుజామున తూర్పున కనబడుతుందనీ, తర్వాత సాయంత్రాలు పడమటకు వస్తుందనీ యాదగిరే చెప్పాడు. మళ్ళీ మన మనవల మనవలకు కూడా దొరకదట. మా డైరెక్టర్ మేడమ్‌కు ఒక ఆలోచన వచ్చింది. మన హైదరాబాద్ ఇళ్ళ మీద తోకచుక్క ఉన్న ఫోటో ఎవరు తెస్తే అది హోర్డింగ్ మీద వేద్దాం, కొత్తగా పెట్టే ఫోటోగ్రఫీ కోర్సుకు వాళ్ళనే ఫ్యాకల్టీగా తీసుకుందాం అంది. యాదగిరి అవుతాడనే అందరి అంచనా. అతనూ ఆశపడ్డాడు. భార్యతో చెప్పేశాడు కూడా. క్లాసుకని రెండు షర్టులు కుట్టించుకున్నాడు. ఆ మెట్ల కింద గదిలోంచి బయటపడటానికి అతనికి దొరికిన దారి అదొక్కటే. అది నాకు బాగా తెలుసు. తెలిసే చేశాను.

నాలుగు సాయంత్రాలు ఇద్దరం అతని బిల్డింగు మేడ మీదికి ఎక్కాం. నాలుగు రోజులూ మబ్బులే. ఐదో రోజు నాకు విసుగొచ్చింది. ఇంకెక్కడి తోకచుక్క అని ల్యాబులో కబుర్లు చెబుతూ కూర్చుని, ఆలస్యంగా బైకు తీశాను. పంజాగుట్ట ఫ్లైఓవర్ కింద ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయాను. ముందు బస్సు, వెనక బస్సు, పక్కన ఆటో, పైన కాంక్రీటు. అప్పుడు ఫోన్. మబ్బు విడిపోయిందన్నా, కనబడుతుందన్నా, జల్ది రా అని అరుస్తున్నాడు. తల ఎత్తితే నాకు కనబడింది ఫ్లైఓవర్ అడుగుభాగం. ఎనిమిది నిమిషాలట మొత్తం. నేను చేరేసరికి ఆకాశం మళ్ళీ మూసుకుపోయింది. యాదగిరి పిట్టగోడకు ఆనుకుని కూర్చుని ఏడుస్తున్నాడు, సంతోషంతో. నన్ను కావలించుకున్నాడు. మసీదులో అజాన్ అయిపోయిన కాసేపటికి మబ్బు చీలిందనీ, పక్క మేడ మీద బట్టలు తీస్తున్న ఆవిడను పిలిచి చూపించాననీ, తెచ్చుకున్న చాయ్ అలాగే చల్లారిపోయిందనీ ఆగకుండా చెప్పాడు. నేను నవ్వుతూ విన్నాను. లోపల కుళ్ళిపోయాను. ఏం మనిషిని!

నా దగ్గరా ఒక తోకచుక్క ఉంది. రెండు వారాల ముందు ఊరి నుంచి వస్తుంటే, సూర్యాపేట దాటాక తెల్లవారుజామున బస్సు టీ కోసం ఆగింది. తూర్పున, వరిచేల మీద కనబడింది. తీశాను. మంచి ఫోటోనే. కానీ అందులో హైదరాబాద్ లేదు. ఆ రాత్రి ఇంటికెళ్ళి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. అమీర్‌పేటలో మా మేడ మీంచి పడమర వైపు ఎప్పుడో తీసిన సాయంత్రం ఫోటో ఒకటుంది. తూర్పు తోకచుక్కను కోసి పడమటి ఆకాశంలో అతికించాను. అరగంట పని. పొరలన్నీ, అంటే లేయర్లన్నీ, కలిపేసి ఒకే ఫోటోగా సేవ్ చేసి, అదే సాయంత్రం, అదే ఎనిమిది నిమిషాల్లో, ట్రాఫిక్‌కు విసిగి వెనక్కి తిరిగొచ్చి మా మేడ మీంచి తీశానని మేడమ్‌కు పంపాను. ఆమె మురిసిపోయి వెంటనే గ్రూపులో పెట్టేసింది.

అదేంటి, నువ్వు అప్పుడు ఫ్లైఓవర్ కింద ఇరుక్కుని, ఆ తర్వాత అతని మేడ మీదికే వెళ్ళావు కదా అని మీరడగొచ్చు. ఆ సంగతి తెలిసినవాడు లోకంలో ఒక్కడే. మరునాడు మధ్యాహ్నం ల్యాబుకు వచ్చాడు. గొడవ పెట్టుకుంటాడనుకున్నాను. అతను తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి మాట్లాడాడు.

"అన్నా, జర ఒక్క మాట. నీ ఫోటో ఉల్టా పడ్డట్టుంది."

"ఉల్టా ఏంటి?"

"తోక చూడన్నా. సూర్యుడు ఎటుంటే దానికి అవతలికే ఉంటది తోక. పడమటికి తిరిగి చూస్తే పొద్దు కుడి దిక్కుకు జరిగి గూకింది గదా, గట్లైతే తోక ఎడమకు వాలాలె. నా దాంట్ల ఎడమకే ఉంది. నీ దాంట్ల కుడికుంది. సేవ్ చేసేటప్పుడు తిరగబడ్డదేమో. ఎవరన్న నవ్వకముందే సరిజేస్కో."

"తిప్పితే టవరు కూడా అటు పోతుంది కదా యాదగిరీ."

నోరు జారాను. అతను నా స్క్రీన్ దగ్గరికి వంగి చూశాడు. సెల్ టవరు ఉండాల్సిన చోటే ఉంది. ఫోటో తిరగబడలేదు. చాలాసేపు చూశాడు.

"అవ్ గదా. టవర్ సీదనే ఉంది. మరి తోకెట్ల ఉల్టా ఉందన్నా?"

తెల్లవారుజామున తూర్పున సూర్యుడు ఎడమ కిందుగా ఉంటాడు, అందుకే నేను కోసి తెచ్చిన తోక కుడికి వాలిందని నాకప్పుడే తట్టింది. నిన్న ఎక్కడున్నావని అతను అడగలేదు. ఆ ఒక్క ప్రశ్న వేసుంటే నేనక్కడే కూలబడేవాణ్ణేమో. కాదు, అదీ అబద్ధమే, ఇంకేదో కూసేవాణ్ణి. "నీదాంట్లోనే ఏదో తేడా ఉందేమో చూసుకో" అన్నాను. అతను తల ఊపి వెళ్ళిపోయాడు. నన్ను కాపాడటానికి వచ్చాడు ఆ మనిషి. ఆ రాత్రి నేను కూర్చుని ఆలోచించింది ఏమిటో తెలుసా? వాడు నోరు విప్పేలోపు ఆ నోరు మూయించడం ఎలా అని.

ఆదివారం ఇరవై మందిమి ల్యాబులో ఉన్నాం. మేడమ్ రెండు ఫోటోలూ గోడ మీద ప్రొజెక్టర్‌తో వేయించింది. ఎవరో గమనించారు, ఒకే సాయంత్రం ఒక తోక అటు, ఒక తోక ఇటు ఎందుకున్నాయని. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి దానంతటదే కాలర్ మీదికి పోయింది. ఏది అసలుదో మీరే చెప్పాలి సార్, మీకే తెలుస్తుంది అంది మేడమ్. నా వైపే తిరిగి అంది.

యాదగిరి ఫైలు నా దగ్గరే ఉంది. రంగులు సరిచేసి పెట్టమని నమ్మి ఇచ్చాడు. ఇక్కడ కొంచెం పని సంగతి చెప్పాలి. తోకచుక్క మసకగా ఉంటుంది, ఒక్క ఫోటోలో సరిగ్గా పడదు. వరసగా పదో పదిహేనో తీసి, చుక్క మీద చుక్క సరిపోయేలా ఒకదాని మీద ఒకటి పేర్చాలి. అప్పుడు ఆకాశం తేటగా వస్తుంది గానీ ఇళ్ళు కదిలిపోయినట్టు అలుక్కుపోతాయి. అందుకని ఇళ్ళను అందులోదే ఒక ఫోటో నుంచి తెచ్చి విడి పొరగా కింద పెడతారు. అది మోసం కాదు. నిజాయితీగా తీసేవాళ్ళందరూ చేసేదే. ఆ పద్ధతి యాదగిరికి నేర్పింది నేనే.

ఆ ఫైలు తెరిచాను. ఆకాశం పొర మీద ఒక్క క్లిక్. గోడ మీద తోకచుక్క మాయమైంది, ఇళ్ళు మిగిలాయి. ఇంకో క్లిక్. మళ్ళీ వచ్చింది. ల్యాబంతా హా అంది. నా నోటితో అతికించాడు అనలేదు. అంత తెలివి నాకుంది. "ఆకాశం వేరు, ఇళ్ళు వేరు. మీరే చూడండి" అన్నాను. తర్వాత నా ఫోటో తెరిచాను. ఒకే పొర. దాచడానికి ఏమీ లేదన్నట్టు చేతులు చాచాను.

యాదగిరి కుర్చీలోంచి లేచి "అన్నా" అన్నాడు. అంతే. నువ్వే కదా నేర్పావు అంటాడని కాచుకున్నాను. నువ్వు ట్రాఫిక్‌లో ఇరుక్కుని, అంతా అయ్యాక మా మేడ మీదికొచ్చావు కదా అంటాడనుకున్నాను. చుట్టూ అందరూ ఇంజినీర్లు, ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళు. అతను ఒకసారి వాళ్ళ వైపు చూశాడు, ఒకసారి నా వైపు చూశాడు. బ్యాగు తీసుకుని వెళ్ళిపోయాడు. తప్పు లేకపోతే ఎందుకు పారిపోతాడు అన్నారెవరో. నేను కాదనలేదు. ఆ కొత్త షర్టుల్లో ఒకటి ఆ రోజే తొడుక్కుని వచ్చాడు.

ఫ్యాకల్టీ నేనయ్యాను. అప్పటి నుంచీ కుడితిలో పడ్డ ఎలుక బతుకు. ప్రతి కొత్త బ్యాచ్ మొదటి రోజున ఆ ఫోటో కథ చెప్పాలి, అది కోర్సులో భాగం. మసీదులో అజాన్, మబ్బు చీలడం, బట్టలు తీస్తున్న పక్కింటావిడ, చల్లారిపోయిన చాయ్. అన్నీ చెప్తాను. పిల్లలు నోరు తెరుచుకుని వింటారు. అవన్నీ యాదగిరి ఎనిమిది నిమిషాలు. ఫోటోనే కాదు, అతని సాయంత్రాన్ని కూడా ముక్కముక్కగా అమ్ముకుంటున్నాను. మానేసి ఇంకో ఊరు పోదామనుకుంటాను. ఏమని చెప్పి పోను? పిల్ల స్కూలు ఇక్కడే, ఇల్లు ఇక్కడే, పేరు ఇక్కడే. దొంగకు తేలు కుట్టినట్టు నోరు మూసుకుని మళ్ళీ మెట్రో మెట్లు దిగుతాను.

మొన్న చలికాలంలో ఐడీ కార్డుకు ఫోటోలు కావాల్సి వచ్చాయి. మా వీధిలోనే నాలుగు షాపులున్నాయి. కాళ్ళు ఎందుకో పంజాగుట్ట సందుకు లాక్కుపోయాయి. అదే గది, అదే నీలం తెర. అతని కెమెరా ట్రైపాడ్ మూలన నిలబడి ఉంది. దాని మీద లైటుకు వేసే తెల్ల గొడుగు బిగించాడు. తోకచుక్కను తీసిన పెద్ద లెన్సు ఆ ఏడాదే అమ్మేశాడని తర్వాత తెలిసింది. నన్ను చూసి తడబడలేదు. కూర్చోమన్నాడు. దగ్గరికొచ్చి రెండు వేళ్ళతో నా గడ్డం కాస్త పైకెత్తాడు. తీశాడు. కళ్ళు మూసుకున్నావన్నాడు. మళ్ళీ తీశాడు, మళ్ళీ మూసుకున్నాను. నాలుగుసార్లు తీశాడు, విసుక్కోకుండా. చెప్పేద్దామని నోరు తెరిచాను. "కదలకన్నా" అన్నాడు. నేను కదల్లేదు. చెప్పలేదు కూడా.

నిన్న కొత్త బ్యాచ్ మొదలైంది. యూసుఫ్‌గూడ హాస్టల్ నుంచి వచ్చే ఒక అమ్మాయి, బహుశా పందొమ్మిదేళ్ళుంటాయి, చెయ్యెత్తింది. "సార్, ఇది పడమరే కదా? మరి తోక కుడికెందుకు వాలింది?" అంది. గదిలో అందరూ నా వైపు చూశారు. ఈ ప్రశ్న వస్తుందని ఇన్నేళ్ళూ భయపడ్డాను. జవాబులు సిద్ధంగా ఉన్నాయి, లెన్సు వల్ల, ధూళి తోక వేరు, ఇంకేవో. అవేవీ వాడకుండా తర్వాత చెప్తానని క్లాసు వదిలేశాను. ఆ అమ్మాయి పోతూ పోతూ ఫోటో వైపు ఇంకోసారి చూసింది, అచ్చం యాదగిరి చూసినట్టు వంగి.

ఇప్పుడు ఖాళీ ల్యాబులో కూర్చుని ఇది రాస్తున్నాను. యాదగిరి ఫైలు నా పెన్‌డ్రైవ్‌లో ఇంకా ఉంది. పారేయలేదు. ఎందుకు దాచానో నాకే తెలీదు. ఇందాక దాన్ని గోడ మీద వేశాను. ఆకాశం పొర తీసేయలేదు. తోక ఎడమకు వాలి ఉంది, వాలాల్సిన వైపుకే. దాన్నిలా తిన్నగా కళ్ళెత్తి చూడటం ఇదే మొదటిసారి. ఎంత బాగా తీశాడు!

ఆ సాయంత్రం తోకచుక్కను యాదగిరి తీశాడు. నేను ఫ్లైఓవర్ కింద ఉన్నాను. ఇంతే, రెండు వాక్యాలు. ఇన్నేళ్ళకు బయటికొచ్చాయి. ఛాతీ మీంచి ఏదో కొంచెం పక్కకు జరిగినట్టుంది, లేచిపోలేదు. మీకు చెప్పాను. అతనికి ఇంకా చెప్పలేదు.