మొహమాటానికి బిగించిన కారు

మా దానం గారి అంబాసిడరు గురించి రాయడానికి నాకన్నా అర్హుడు కోనసీమలో ఇంకోడు లేడు. తొమ్మిదో తరగతిలో బడి నన్ను భరించలేక వదిలేసింది గానీ, అమలాపురం టాక్సీ స్టాండు చేరదీసింది. పద్దెనిమిదేళ్ళు అక్కడ టీ కొట్టు నడిపేను. కారు మలుపు తిరక్కముందే చప్పుడు విని అది ఎవరి కారో, నడిపేవాడు పొద్దున ఏం తిని బయల్దేరేడో చెప్పేవాణ్ణి. ఒకసారి ఓ ఇంజను దగ్గు విని "పనసపొట్టు కూర" అన్నాను. ఆ డ్రైవరు దిగొచ్చి నాకు దణ్ణం పెట్టేడు. నమ్మకపోతే మానేయండి, మీకే నష్టం.

దానం గారు డెబ్భై రెండులో రాజమండ్రి డాక్టరొకాయన దగ్గర ఆ కారు పాతది కొన్నారు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ తెల్ల చొక్కాతో ఉండేవారు. చూసినవాళ్ళు ఈయన్ని సారు అనుకుని, వెనక సీట్లో ఉన్న సారుని డ్రైవరు అనుకునేవాళ్ళు. వాళ్ళింట్లో మాత్రం ఈయనే తక్కువ. తాత జీవితమంతా ఒకరి పొలంలో నడుం వంచినవాడు. ఆ నడుముని నిలబెట్టింది మిషను బడీ, సర్కారు జీతమూ అని ఆ ఇంట్లో అందరికీ గట్టి నమ్మకం. ఒక తమ్ముడు తపాలా ఆఫీసులో, ఇంకో తమ్ముడు తాలూకా ఆఫీసులో. చెల్లెలు సరోజిని నర్సు. భార్య జ్ఞానమ్మ గారు టీచరు. అందరూ ఒకటో తారీఖు మనుషులే. ఆదివారం చర్చి వదిలేక తమ్ముళ్ళు నవ్వుతూ, "అన్నయ్యకేమండీ, కిరాయి దొరికిన రోజే పండగ" అనేవాళ్ళు. ఆయనా నవ్వేవారు. ఆ నవ్వు కొట్టు దగ్గరికి వచ్చేసరికి ఉండేది కాదు. ఎప్పటికైనా తనూ నెలజీతపు మనిషి అనిపించుకోవాలని ఆయన పంతం. టీ తాగినప్పుడల్లా ఆ మాట చెప్పేవారు, అంటే రోజుకి ఆరుసార్లు.

ఇంక కారు సంగతి. మామూలుగా కారుకి జబ్బు చేస్తే రెండు రకాల మందులు. ఒకటి, రాజమండ్రి షాపుల్లో అట్టపెట్టెలో సీలు వేసి అమ్మే కంపెనీ సామాను. రెండోది, అదే బల్ల కింద నించి తీసి, చుట్టూ చూసి ఇచ్చే నకిలీ సామాను. దానం గారు మూడో రకం కనిపెట్టేరు. చుట్టాల సామాను.

తప్పు ఆయనది కాదు, మా నేలది. ఇక్కడ ఇంటికొచ్చినవాడికి ఏదో ఒకటి పెట్టకుండా పంపరు. పెట్టింది వద్దంటే పెట్టినవాణ్ణి కొట్టినట్టే. అన్నం దగ్గర మొదలైన ఈ రోగం దానం గారి విషయంలో కారుదాకా పాకింది. సైలెన్సరు చిల్లు పడిందని కొత్తపేటలో రైసుమిల్లు వీర్రాజు గారితో మాటవరసకి అన్నారంతే. "మా పాత ట్రాక్టరుది ఉందండీ, పట్టుకెళ్ళండి" అన్నారాయన. "ఎందుకండీ" అన్నారు ఈయన. మా వేపు ఆ మాటకి అర్థం 'తప్పకుండా ఇవ్వండి' అని. ఆ సైలెన్సరు కారు కింద పట్టక, వెనక అద్దం పక్కన పొగగొట్టంలా నిలబడింది. కారు కొబ్బరిచెట్ల కింద నించి వెళ్తే కాకులు దగ్గుతూ కాయలు రాల్చేవి. నేనే ఏరుకున్నాను.

సీట్లు కుంగిపోయేయంటే, సరోజిని గారి మామగారు తన పీచు మిల్లు నించి రెండు బస్తాల కొబ్బరి పీచు పంపేరు. వానాకాలం పైకప్పు కారి, ఆ పీచులో ఎక్కడో దాక్కున్న కాయ ఒకటి మొలకెత్తి వెనక సీట్లోంచి తల బయట పెట్టింది. దానం గారు పీకలేదు. మామగారు బాధపడతారట. అది మూడాకులు వేసేదాకా ఇద్దరే కూచునేవారు వెనక. మూడో సీటు దానిది.

హారను ఓడలరేవులో లాంచీల ముత్యాలరాజు ఇచ్చేడు. అది అచ్చంగా లాంచీ హారను. దానం గారు బోడసకుర్రు రేవులో అది మోగిస్తే, లాంచీ వచ్చేస్తోందనుకుని అవతలి ఒడ్డున జనం మూటలు నెత్తికెత్తుకునేవాళ్ళు.

ఇన్నిటికీ మకుటం కింగ్ పిన్నులు. ముందు చక్రాలు పక్కలకి తిరగాలంటే వాటిని పట్టుకుని లావుపాటి మేకుల్లాంటివి ఉంటాయి, అవీ. అవి అరిగిపోతే, జ్ఞానమ్మ గారి అన్నగారు సత్యానందం గారు తన లేత్ మీద స్వయంగా తిప్పి ఇచ్చేరు. ఆయన లేత్ షాపు మా ఊళ్ళోనే. పాత లాంచీ షాఫ్టు కోసి చేసినవి. "బావగారూ, మీ కారు మట్టయిపోయినా ఇవి పోవండి" అన్నారు. అందులో సగం నిజమే.

ఇలా ఉండగా, ఎనభై నాలుగులో, ఏటవతల నగరం అనే ఊరి వేపు భూమిలో చమురు వెతికే కంపెనీ ఒకటి దిగింది. ఆఫీసర్లని రోజూ అమలాపురం నించి తిప్పడానికి ఓ కారు కావాలి. మూడేళ్ళ కాంట్రాక్టు, నెలనెలా డబ్బు. అంటే దానం గారికి పన్నెండేళ్ళుగా కావలసిందే. ఆయన ఆ రోజు నా కొట్లో టీకి పంచదార అడగడం మర్చిపోయేరు. అప్పుడే అర్థమైంది నాకు, మనిషి ఎంత లోతులో ఉన్నాడో.

కార్లు చూడ్డానికి కంపెనీ రవాణా ఆఫీసరు కామేశ్వరరావు గారు స్టాండుకే వచ్చేరు. విశాఖపట్నం మనిషి, మాట కొలిచి మాట్లాడతారు. బానెట్టు ఎత్తించేరు. కిందకి వంగేరు. పొగగొట్టం వేపు చాలాసేపు చూసేరు.

"ఇది ఏ కంపెనీదండీ?"

"కొత్తపేట వీర్రాజు గారిదండి."

"ఈ రేడియేటరు మూత?"

"మా పాస్టరు గారు ఇచ్చేరండి."

"ఈ సీట్లు?"

"మా చెల్లెలి మామగారివండి. పీచు మంచిదండి, తీసి చూపించమంటారా?"

"వద్దండి. ఇందులో మీది ఏముందండీ?"

దానం గారు కాస్త ఆలోచించి, "డ్రైవింగండి" అన్నారు.

స్టాండంతా నవ్వింది. అందరికన్నా గట్టిగా నేనే నవ్వేను, దాచేదేముంది. కామేశ్వరరావు గారు నవ్వలేదు. "పదిహేను రోజులు టైమిస్తున్నానండి. సామానంతా కంపెనీది ఉండాలి. మళ్ళీ వచ్చి చూస్తాను. లేకపోతే ఇంకో కారు చూసుకుంటాం" అని వెళ్ళిపోయేరు.

ఇప్పుడు సామాను ఊడదీయాలి. ఊడదీస్తే ఇచ్చినవాళ్ళకి తెలుస్తుంది, ఎవరి వస్తువు చప్పుడు వాళ్ళకి తెలుసు మరి. అందుకని దానం గారు ఒక పద్ధతి ఆలోచించేరు. ఒక్కో వస్తువూ కిరసనాయిలుతో కడిగి, కొత్త తువ్వాల్లో చుట్టి, ఓ చక్రకేళీ అరటిపళ్ళ అత్తం పైన పెట్టి, పెళ్ళి శుభలేఖ ఇచ్చినట్టు ఇంటింటికీ వెళ్ళి స్వయంగా తిరిగి ఇవ్వడం. ఎవరూ బాధపడకూడదట! ఇంతకన్నా తెలివితక్కువ ఉపాయం నా జన్మలో వినలేదు. వినగానే, "బ్రహ్మాండంగా ఉందండీ" అన్నాను. వినోదం ఎవడు పాడుచేసుకుంటాడు?

మూడు రోజులు తిరిగేరు. వీర్రాజు గారు సైలెన్సరు తీసుకుని, భోజనం పెట్టి, "ఇది నచ్చలేదన్నమాట. పోనీ ఈ డైనమో పట్టుకెళ్ళండి" అన్నారు. ముత్యాలరాజు హారను తీసుకుని దాని కన్న తండ్రిలాంటి ఇంకో హారను, దాంతోపాటు ఓ లంగరు ఇచ్చేడు. కారుకి లంగరెందుకు అని దానం గారు అడగలేదు. ఆయ్, అలాగే అన్నారు. పీచు మామగారు మూడో బస్తా ఎక్కించేరు. ఏడు వస్తువులు ఇచ్చి రావడానికి వెళ్ళిన మనిషి తొమ్మిదింటితో దిగేరు.

జ్ఞానమ్మ గారు వీధి అరుగు మీద నించుని చూసేరు. బడిలో ఆవిడ చూస్తే లెక్కలు తప్పు చేసినవాడు తప్పు ఎక్కడుందో తనే చెప్పేసేవాడు.

"మీరు కారు నడుపుతున్నారా, పాత ఇనుము కొట్టు పెడుతున్నారా?"

"అంత ప్రేమగా ఇస్తే ఎలా వద్దంటామే..."

"నోటితో అంటారండి. అందరూ అలాగే అంటారు."

మర్నాడు సెలవు పెట్టి ఆవిడే ఆయన్ని వెంటపెట్టుకుని రాజమండ్రి వెళ్ళేరు. సీలున్న పెట్టెలు ఒక్కొక్కటీ వెలుతురులోకి తిప్పి, పిల్లల కాపీ పట్టుకున్నట్టు అక్షరాలు చూసి కొన్నారు. సైలెన్సరు, హారను, మూత, బ్రేకు సామాను, కింగ్ పిన్నులు, సీట్లకి రబ్బరు స్పాంజి, అన్నీ. స్టాండులో మూడు రోజులు బిగించేం. నేనూ బిగించేను, ఆ రోజుల్లో నా చేతికి స్పానరు అక్కర్లేదు, రెండు వేళ్ళు చాలు.

అన్నీ అయ్యేయి గానీ, కింగ్ పిన్నుల పెట్టె మాత్రం తెరవలేదు. దానం గారు భార్య మొహం వేపు చూసేరు. జ్ఞానమ్మ గారు కొంగు సర్దుకుని, "అన్నయ్య చేసినవి బాగానే ఉన్నాయి కదండీ. బయటికి కనిపించేవా ఏమన్నానా" అన్నారు. అన్ని ఇళ్ళ మొహమాటాన్నీ కడిగేసిన మనిషి, పుట్టింటి మొహమాటం దగ్గర ఆగిపోయేరు. పెట్టె బీరువా ఎక్కింది.

ఆఫీసరు రావడానికి ఇంకా రెండు రోజులుంది. నగరంలో ప్రార్థన కూటానికని దానం గారు భార్యని ఎక్కించుకుని బయల్దేరేరు. కారు ఎలా ఉందో చూద్దామని ముందు సీట్లో నేనూ. బోడసకుర్రు దగ్గర గోదారి పాయ వైనతేయ దాటాలంటే అప్పటికి వంతెన లేదు. రెండు పడవల మీద బల్లలు పరిచిన పంటు ఉండేది, దాని మీదకి కారెక్కించి అవతలి ఒడ్డున రెండు చెక్కల మీదుగా దింపాలి. చెక్క వెడల్పు జానెడు తప్పితే లేదు. దానం గారు వెయ్యిసార్లు దింపిన చోటే.

ఆ రోజు ఎడమకి తిప్పేరు. కుడి చక్రం తిరిగింది, ఎడమది తిరగలేదు. పిన్ను పట్టేసింది. ఎడమ చక్రం చెక్క వదిలేసి గాలిలో నించుంది. కారు ఓ పక్కకి ఒరిగి, కింద గోదారి కనిపించింది.

పంటు మీద చేపల గంపలతో ఉన్న దుర్గమ్మ కిటికీలోకి వంగి, "పంతులమ్మ గారూ, దిగుతారా, నా బుట్టలోవాళ్ళ చుట్టాల్ని పలకరించి వస్తారా?" అంది. అంటూనే గంప కింద పడేసి తలుపు లాగి జ్ఞానమ్మ గారి జబ్బ పట్టుకుంది. ఆవిడ్ని పంటు మీదకి లాగేక, పన్నెండు మంది పట్టి కారుని పైకెత్తేరు. నేను ఒక్క చేత్తోనే ఎత్తేవాణ్ణి గానీ, రెండో చేత్తో దానం గారిని పట్టుకోవలసి వచ్చింది. ఆయన బెంగ కారు గురించి కాదు. భార్య అంతదాకా కూచున్న వెనక సీటు వేపే చూస్తున్నారు.

ప్రార్థన కూటం మానేసి, చక్రాన్ని గునపంతో తిన్నగా చేసుకుని, అదే పంటు మీద వెనక్కి దాటి, నడిచినంత మెల్లగా సత్యానందం గారి లేత్ షాపుకి చేరేం. ఆయన పిన్ను తడిమి చూసి, "గ్రీజు పెట్టలేదు మీరు" అన్నారు.

"పెట్టేనండి."

"ఏం గ్రీజు?"

"మీరిచ్చిందేనండి."

సత్యానందం గారు గొంతు సవరించుకున్నారు. "సరేలెండి, ఒక నూలుపోగంత మందం తగ్గించి ఇంకో జత తిప్పుతాను. సాయంత్రానికి ఇచ్చేస్తాను. కూచోండి."

దానం గారు కూచోలేదు. తువ్వాలు తీసి చేతులు తుడుచుకున్నారు, ఒకటికి నాలుగుసార్లు.

"బావగారూ, నాకొద్దండి."

నేను పక్కనే ఉన్నాను కాబట్టి చెప్తున్నాను, ఆ మాట ఆయన నోటికి అలవాటు లేక సగంలో ఆగి మళ్ళీ బయల్దేరింది. సత్యానందం గారు లేత్ ఆపేసేరు.

"వద్దా?"

"వద్దండి. మీ మీద గౌరవం అలాగే ఉందండి. పిన్నులు వద్దండి. మీ చెల్లెలు కూచునే కారండి అది."

"ఓహో. కంపెనీ మనుషులు దొరికేరు కదండీ. ఇంక మేమెందుకు!"

మమ్మల్ని టీ అడగలేదు. మంచినీళ్ళు కూడా అడగలేదు. మా వేపు ఇంతకన్నా పెద్ద తిట్టు లేదు. కారులో కూచున్న జ్ఞానమ్మ గారు అంతా విన్నారు. అన్నగారి వేపు ఒక్కసారి చూసి, కొంగు తల మీదకి లాక్కుని, "ఇంటికి పోనీండి. ఆ పెట్టె బీరువా మీద ఉంది" అన్నారు. సత్యానందం గారు ఏడాదిన్నర వీళ్ళ గడప తొక్కలేదు. క్రిస్మస్ నాడు చర్చిలో ఎదురుపడితే గోడ మీది గడియారం చూసేవారు.

ఆఫీసరు చెప్పిన రోజుకే వచ్చేరు. కింద దూరి కింగ్ పిన్నులు కూడా చూసేరు. ఆయన్ని ఎక్కించుకుని దానం గారు నగరం దాకా వెళ్ళి, రెండుసార్లు పంటు దాటి వచ్చేరు. కామేశ్వరరావు గారు నా కొట్టు బల్ల మీదే కాగితం పెట్టి సంతకం చేసేరు. దానం గారు కాగితం అందుకుని, మడత పెట్టడం మర్చిపోయి అలాగే పట్టుకుని నించున్నారు.

అప్పుడు ఆఫీసరు చుట్టూ చూసి, గొంతు తగ్గించి అన్నారు: "ఒక్క విషయమండీ. మా బావమరిది విశాఖలో కారు సామాను షాపు పెట్టేడు. మీకు కొన్ని సామాన్లు పంపిస్తానన్నాడు. కాదనకూడదు మరి."

నా చేతిలో గ్లాసు ఆగిపోయింది. స్టాండు మొత్తం చెవులు ఇటే పెట్టింది.

"ఏం సామాన్లండీ?" అన్నారు దానం గారు. నాకు తెలిసి ఎవరేమిచ్చినా ఆయన ఈ ప్రశ్న వేయడం అదే మొదలు.

"బ్రేకు లైనింగులు, సీటు కవర్లూను."

దానం గారు కాగితం వేపు చూసేరు. సంతకం తడి ఇంకా ఆరలేదు.

"లైనింగులు వద్దండి. సీటు కవర్లు పంపండి, ఎన్నయినా వేసుకుంటాను."

కామేశ్వరరావు గారు నవ్వగలరని నాకప్పుడే తెలిసింది.

వారం తిరక్కుండా కవర్లు వచ్చేయి. చిలకపచ్చ మీద ఎర్ర గులాబీలు, ఒక్కొక్కటీ కాలీఫ్లవరంత. మూడేళ్ళూ కంపెనీ ఆఫీసర్లందరూ ఆ పూలతోటలోనే, జారిపోకుండా తలుపు పిడి పట్టుకుని, నగరం వెళ్ళి వచ్చేరు.