రెండు ఊళ్ళకు ఒకటే ముగ్గు

నా చదువు పదో తరగతితో ఆగింది. ఆ తర్వాత చదివిందంతా మార్కాపురం గ్రంథాలయంలోనే. అక్కడ ఎవరూ ముట్టని అల్మరాలో పంచాయతీల చట్టం పుస్తకం ఒకటి ఉండేది. పక్కపక్క పంచాయతీలు ఉమ్మడి కమిటీ వేసుకోవచ్చని అందులో చదివిన రోజు, మా వైపు ఆ సంగతి నా ఒక్కడికే తెలుసన్నంత గర్వంగా ఇంటికొచ్చాను.

మాది తర్లుపాడు దగ్గర చిన్న పంచాయతీ. మాకు పడమరగా, కొండల వైపు, ఎగువ ఊరు ఉంది. ఏటా పనుల ప్రణాళిక రాసేటప్పుడు ఏ ఊరికాఊరు గ్రామసభ పెట్టుకుంటుంది. పంచాయతీ ఆఫీసు ముందు నేల చిమ్మి, ముగ్గుపిండితో ఊరి పటం వేసి, ఏ పని ఎక్కడో గుర్తు పెడతారు. మా ముగ్గులో వాగు పొలిమేర దగ్గర మొదలవుతుంది. వాళ్ళ ముగ్గులో అక్కడితో ఆగిపోతుంది. అవతల ఒట్టి నేలే.

ఆ ఏడు మేం మా కుంట పూడిక తీయాలని రాసుకున్నాం. వాళ్ళు వాగు మీద చెక్‌డ్యాం రాసుకున్నారు. రెండింటినీ కలిపి చూసినవాడు మా ఊళ్ళో గొర్రెలు కాసే ముసలాయన ఒక్కడే. చుట్టరికం లేకపోయినా నాకు మామ. ఎగువన సున్నం పూసిన గుర్తురాళ్ళు చూసి, తిన్నగా మా ఇంటికొచ్చాడు.

“అల్లుడా, వాగులోంచి మన కుంటకు పాయ చీలతాది గదా, వాళ్ళు ఆ చీలిక పైన కడతాండారు. మీరేమో రాని నీళ్ళకు గుంత తవ్వుతాండారు.”

“కుంట నిండకపోతే ఏం చేస్తావు మామా?”

“ఎండాకాలం మందను సాగర్ కాలవల కిందికి తోలుకపోవాల. ఈ మోకాళ్ళతో యాడికి పోయేది? అమ్ముకోవాల్సిందే.”

ముందు మా సర్పంచి దగ్గరికి వెళ్ళాను. “వాళ్ళ పనికి మనం అడ్డం చెప్తే, రేపు మన పనికి వాళ్ళు చెప్పరా?” అన్నాడు. ఎగువ ఊరి సర్పంచి నాకు వదిన వరుస. “మా బోర్లు ఎండి రెండేళ్ళాయె. ఉండేది ఈ ఒక్క పని, అదీ ఆపమంటావా?” అంది. ఆమె మాటలో తప్పేమీ కనపడలేదు. ఆపొద్దు, ఒకసారి రెండు ఊళ్ళూ పొలిమేర దగ్గర కలిసి ముగ్గు వేద్దాం, అంతే అన్నాను. ఇద్దరూ ఒప్పుకున్నారు.

అనుకున్న పొద్దున పొలిమేర దగ్గర చదును నేల చూసుకుని అందరం చేరాం. నేను చట్టంలోంచి రాసుకున్న కాగితాలు తీసి చదవడం మొదలుపెట్టాను.

“పరీక్షలుండాయా ఏంది చిన్నాయనా?” అని వెనకనుంచి ఎవరో అన్నారు. అందరూ నవ్వారు.

కాగితాలు మడిచి ముగ్గు అందుకున్నాను. పుస్తకాల్లో ఉన్నట్టే ఉత్తరం పైకి వచ్చేలా గీశాను. వదిన చుట్టూ తిరిగి చూసింది.

“కొండ ఎదురుగ్గా కనపడ్తాంటే ఎడం పక్కకు జరిపినావేంది? మా ఊరు యాడుందో నాకే తెలియకపాయె.”

“పటంలో ఉత్తరం పైనే ఉండాలి వదినా. పుస్తకంలో...”

“ఆ పుస్తకం రాసినాయన ఈడ నిలబడి రాసినాడా?”

నా ముగ్గు చీపురుతో చిమ్మేశారు. ముగ్గుపిండి డబ్బా మామ చేతికి వెళ్ళింది. ఆయన కొండకు ఎదురుగా నిలబడి ముందు కొండ గీశాడు. తర్వాత వెనక్కి అడుగులేస్తూ, వాగు ఎక్కడ వంగుతుందో అక్కడల్లా వంగుతూ పిండి పోసుకొచ్చాడు. చీలిక దగ్గర ఆగి, రెండో గీత మా కుంట దాకా లాగాడు.

వదిన ఆ గీత దగ్గరే నిలబడిపోయింది. “ఈ పాయ మీ కుంటకా పోయేది? కంపచెట్లలో పడి ఇంకిపోతాదనుకుంటిమే.” చీలిక వైపు వేలు చూపించి అడిగింది: “చీలిక కింద కట్టుకుంటే మా బోర్లకు అందుతాదా?”

“ఆడ ఇసుక లోతమ్మా. మీ ఊరి దిక్కే ఇంకుతాది,” అన్నాడు మామ.

“అయితే పాయలో కంప మేం కొట్టిస్తాం, మీ హద్దులో ఉండేది గూడా,” అన్నాడు మా సర్పంచి, ఎవరూ అడగకుండానే.

తర్వాత ఇంజినీరు వచ్చి చూసి సరేనన్నాడు. ఉమ్మడి కమిటీ మాత్రం పడలేదు. ఏ పంచాయతీకాపంచాయతీ తన పుస్తకంలో తీర్మానం రాసుకుంది. మా పుస్తకంలోది మామకు చదివి వినిపించాను. ఆయన కూర్చున్నచోటి నుంచి లేవలేదు.

“వాళ్ళ పుస్తకంలో?”

“అదే ఉంటుంది మామా.”

“ఉంటాదని అనుకుంటాండావు. చూసినావా?”

చూడలేదు. ఆయన్ని బండి మీద ఎక్కించుకుని ఎగువ ఊరికి వెళ్ళాను. అక్కడి కార్యదర్శి పుస్తకం తెరిచి నా ముందు పెట్టాడు. చెక్‌డ్యాం చీలికకు దిగువన అనే ఉంది. మామ ఇంకోసారి చదవమన్నాడు. మాట మాటకూ ఆగి చదివాను.

ఆయన మోకాలు పట్టుకుని లేచాడు. బయటికొచ్చి నా ఫోన్ అడిగాడు. మంద చూడడానికి గిద్దలూరు నుంచి బయల్దేరబోతున్న బేరగాడికి చేయించి, రావద్దని చెప్పాడు.